కళ్ళ కదలిక, మానని జ్ఞాపకం: ఇ.ఎం.డి.ఆర్. చికిత్స

విషయ పరిచయం

విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే బస్సు ఎప్పుడైనా ఎక్కి ఉంటే హనుమాన్ జంక్షన్ మీకు తెలిసే ఉంటుంది. విజయవాడకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఒక పక్క నుంచి నూజివీడు రోడ్డు, మరో పక్క నుంచి గుడివాడ రోడ్డు వచ్చి జాతీయ రహదారిని కలిసే కూడలి అది. అక్కడి ఆంజనేయస్వామి గుడి వల్లనే ఊరికి ఆ పేరు వచ్చింది.

ఈ పాఠానికి ఆ కూడలిని ఎంచుకోవడానికి కారణం ఉంది. మానసిక ఆఘాతం అనగానే మనోవిజ్ఞాన గ్రంథాలు యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుడిని ఉదాహరణగా చూపిస్తాయి. మనలో ఎక్కువమందికి యుద్ధం తెలియదు, రోడ్డు తెలుసు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క చెబుతోంది. ఆ లెక్కలోకి రానివాళ్ళు ఇంకా ఎక్కువమంది. బండి నడిపి బతికి బయటపడ్డ మనిషి, వెనక కూర్చున్న మనిషి, కేక విని పరుగెత్తుకొచ్చిన టీకొట్టు మనిషి, వీళ్ళెవరి పేర్లూ ఆ అంకెల్లో ఉండవు. ఈ పాఠం వాళ్ళ గురించి.

ఒక మనిషిని ఊహించుకోండి. ఇతడు ఈ పాఠం కోసం కల్పించుకున్న వ్యక్తి. జంక్షన్‌కు దగ్గర పల్లెలో ఉంటాడు, వయసు ముప్పై దాటింది. తెల్లవారుజామున మోటారు సైకిలుకు పాలక్యాన్లు తగిలించుకుని జంక్షన్‌కు వెళ్ళి పోసి వస్తుంటాడు. ఒకరోజు తమ్ముణ్ణి వెనక ఎక్కించుకున్నాడు. పక్కరోడ్డు నుంచి ఒక లారీ సిగ్నల్ వేయకుండా తిరిగింది. అతనికి మణికట్టు విరిగింది, తమ్ముడు చనిపోయాడు.

ఏడు నెలలు గడిచాయి. చెయ్యి అతుక్కుంది. కానీ అతను హైవే ఎక్కడు. ఆరు కిలోమీటర్ల దారికి పొలాల గట్ల మీదుగా పదకొండు కిలోమీటర్లు చుట్టి వెళుతున్నాడు. లారీ ఎయిర్ బ్రేకు 'ఉస్సు' మన్నప్పుడల్లా ఒళ్ళు తడిసిపోతుంది. రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేస్తాడు. భార్య "ఏమైందయ్యా?" అని అడిగితే "ఏం లేదు, పడుకో" అంటాడు. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఎవరైనా తమ్ముడి పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోతాడు. మనసులో ఒకటే మాట తిరుగుతూ ఉంటుంది: 'నా వల్లే పోయాడు.'

ఈ మనిషిని పాఠం చివరిదాకా గుర్తుంచుకోండి.

ఆఘాతం అంటే ఏమిటి?

మన ఇళ్ళల్లో ఈ స్థితికి పేరు లేకపోలేదు. పిల్లవాడు రాత్రి కలవరిస్తే 'దడుచుకున్నాడు' అంటారు. జ్వరం వస్తే 'దడుపు జ్వరం' అంటారు. భయం ఒంట్లోకి దిగి అక్కడే ఉండిపోతుందన్న పరిశీలన ఆ మాటలో ఉంది. దాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేయకండి. తాయెత్తు కట్టేవాళ్ళ దగ్గరకు వెళ్ళిన తల్లి గమనించినదీ, మానసిక వైద్యుడు గమనించేదీ చాలావరకు ఒకటే. తేడా వచ్చేది వివరణలోనూ, చికిత్సలోనూ.

వైద్యశాస్త్రం దీన్ని ఒక రుగ్మతగా గుర్తించి పేరుపెట్టడం ఇటీవలి మాట. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. ఒక్క రాత్రిలో కుటుంబమంతా పోయి ఒక్కరే మిగిలిన ఇళ్ళున్నాయి. ఆ మిగిలినవాళ్ళు గాలి హోరు వినబడితే వణికిపోతున్నారని ఎవరైనా డాక్టరుకు చెప్పి ఉంటే, ఆ లక్షణాలన్నిటినీ కలిపి చెప్పే రోగనిర్ధారణ ఆయన పుస్తకంలో లేదు. 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అనే పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలోకి వచ్చింది 1980లో, అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్ళకు. తెలుగులో దీన్ని ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అంటున్నాం. వాడుకలో పి.టి.ఎస్.డి.

దీని లక్షణాలు పాలవ్యాపారిలో అన్నీ కనిపిస్తాయి. సంఘటన కలగానో, మెలకువలో దృశ్యంగానో తిరిగి తిరిగి రావడం మొదటిది. దాన్ని గుర్తుచేసే చోటునూ మాటనూ తప్పించుకు తిరగడం రెండోది. తన గురించీ లోకం గురించీ నమ్మకాలు చెడిపోవడం, 'తప్పంతా నాదే' వంటివి, మరొకటి. ఒళ్ళు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం ఇంకొకటి. ఇవి నెల దాటి కొనసాగుతూ, బతుకును దెబ్బతీస్తుంటేనే పి.టి.ఎస్.డి. అంటారు. మొదటి వారాల్లో నిద్రపట్టకపోవడం, ఏడుపు రావడం రోగం కాదు. ఘోరాన్ని చూసినవారిలో ఎక్కువమంది అయినవాళ్ళ మధ్య ఉండి, కాలక్రమంలో తమంతట తామే కోలుకుంటారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చిన మొదటి వానకు గుండెదడ పుట్టినవారందరూ రోగులని అనుకోవడం తప్పు. ఏడాది తర్వాత కూడా మబ్బు పట్టగానే సామాను అటక మీదికి ఎక్కించి రాత్రంతా మేలుకుని కూర్చునేవారి సంగతి వేరు.

పార్కులో మొదలైన ఆలోచన

1987లో ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికన్ మనోవిజ్ఞాన విద్యార్థిని పార్కులో నడుస్తూ, తనను బాధపెడుతున్న ఆలోచనలు ఉన్నట్టుండి పలచబడ్డాయని గమనించింది. ఆ సమయంలో తన కళ్ళు వేగంగా అటూ ఇటూ కదులుతున్నాయని కూడా గమనించింది. తర్వాత కావాలని అలా చేసి చూసింది, తెలిసినవాళ్ళ చేత చేయించింది. 22 మందితో చేసిన అధ్యయనాన్ని 1989లో ప్రచురించింది. తర్వాత రెండేళ్ళలో ఆ పద్ధతిని విస్తరించి 'ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్' అని పేరు మార్చింది. పొట్టిగా ఇ.ఎం.డి.ఆర్. కళ్ళ కదలిక తోడుగా జ్ఞాపకంలోని వేడిని తగ్గించి, దాన్ని మనసులో తిరిగి సర్దుకోనివ్వడం అని దాని భావం.

పార్కు కథ విని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. నవ్వు రావడంలో తప్పు లేదు. వేలు ఊపితే మనోవ్యాధి తగ్గుతుందంటే ఎవరికైనా కనికట్టులాగానే వినిపిస్తుంది. ఆ సందేహాన్ని పక్కన పెట్టవద్దు, కొంతసేపట్లో దాని దగ్గరకే వస్తాం.

షాపిరో ప్రతిపాదించిన వివరణ ఇది. మామూలు అనుభవాన్ని మనసు నెమ్మదిగా జీర్ణం చేసుకుంటుంది. పనికొచ్చేది ఉంచుకుని మిగతాది వదిలేస్తుంది. తట్టుకోలేనంత భయం కలిగినప్పుడు ఆ పని మధ్యలో ఆగిపోతుంది. జ్ఞాపకం ఆనాటి దృశ్యంతో, వాసనతో, ఒంటి బిగువుతో సహా పచ్చిగానే నిలవ ఉండిపోతుంది. డెల్టాలో వరి పండించేవారికి దీన్ని ఇలా చెప్పవచ్చు. మాసూలు రోజుల్లో వాన భయంతో తేమ ఆరకుండానే ధాన్యాన్ని బస్తాలకెత్తితే ఏమవుతుంది? పైకి బస్తా బస్తాలాగే ఉంటుంది, లోపల గింజ వేడెక్కి పాడవుతుంది. మూతి విప్పి, కళ్ళంలో పలచగా పరిచి, తిరగేసి ఆరబెట్టాలి. ఇది పోలిక మాత్రమే సుమా. మెదడులో బస్తాలూ లేవు, కళ్ళమూ లేదు.

చికిత్స గదిలో ఏం జరుగుతుంది?

ఈ చికిత్సకు ఎనిమిది దశలున్నాయి. పరీక్ష కోసం వాటి పేర్లు వరుసగా గుర్తుపెట్టుకోవాలి: చరిత్ర సేకరణ, సన్నద్ధత, అంచనా, తీవ్రత తగ్గింపు, నమ్మకాన్ని నాటడం, దేహ పరిశీలన, ముగింపు, పునఃపరిశీలన. అయితే పేర్లకన్నా పాలవ్యాపారి వెంట వెళితే విషయం బాగా అర్థమవుతుంది.

మొదటిరోజు ఎవరూ వేలు ఊపరు. చికిత్సకుడు అడుగుతాడు: నిద్ర ఎలా ఉంది, మందు తాగుతున్నారా, చచ్చిపోవాలనిపిస్తోందా, ఫిట్స్ ఉన్నాయా, కంటి జబ్బేమైనా ఉందా, ఇంతకుముందు ఇంట్లో ఇలాంటి చావు చూశారా. ఆ తర్వాత చేయబోయేది వివరిస్తాడు. ఆపమని చెప్పడానికి ఒక సైగ నిర్ణయించుకుంటారు, చెయ్యి ఎత్తితే చాలు. మనసు స్థిమితపడే ఒక చోటును తలుచుకోవడం నేర్పుతాడు. మన మనిషి కాలవగట్టు మీది రావిచెట్టు నీడను ఎంచుకున్నాడు అనుకుందాం. ఈ సన్నద్ధతకు ఒక్కోసారి రెండు మూడు సిట్టింగులు పడుతుంది. దీన్ని తొందరగా దాటేయాలని చూసే చికిత్సకుణ్ణి నమ్మకపోవడం మంచిది.

అప్పుడు గురి నిర్ణయిస్తారు. 'ఆ రోజంతటిలో అన్నిటికన్నా కలచివేసే దృశ్యం ఏది?' అతను చెప్పేది రక్తం గురించి కాకపోవచ్చు. 'తమ్ముడి చెప్పు ఒకటి తెల్లగీత మీద పడి ఉంది' అంటాడు. ఆ దృశ్యంతోపాటు తన గురించి వచ్చే మాట 'తప్పంతా నాదే.' దాని స్థానంలో ఏం నమ్మగలిగితే బాగుంటుంది? 'నా చేతిలో ఉన్నది నేను చేశాను.' ఆ మాట ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 వరకు అంకెలో చెప్పమంటారు. అతను 2 అంటాడు. బాధ ఎంతో 0 నుంచి 10 వరకు చెప్పమంటారు. 9 అంటాడు. ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? గుండె మీద బరువు, విరిగిన మణికట్టులో బిగువు.

ఇక కళ్ళ వంతు. చికిత్సకుడు ముఖానికి కొంత దూరంలో రెండు వేళ్ళు నిలిపి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు కదుపుతాడు. తల కదపకుండా కళ్ళతోనే వాటిని వెంబడించాలి. ఒక్కో విడత సుమారు అర నిమిషం. వేళ్ళకు బదులు కదిలే లైటును వాడేవారున్నారు, అరచేతుల మీద మార్చి మార్చి తట్టేవారున్నారు, రెండు చెవుల్లో మార్చి మార్చి శబ్దం వినిపించేవారూ ఉన్నారు. విడత ఆగాక "ఒకసారి ఊపిరి తీసుకోండి. ఇప్పుడేం వస్తోంది?" అని అడుగుతాడు. ఏదో ఒకటి చెబుతాడు. "దాంతోనే ఉండండి" అని మళ్ళీ మొదలు. చికిత్సకుడు వాదించడు, ఓదార్చడు, 'నీ తప్పేమీ లేదు' అనడు. ఆ మాట ఇంట్లో, వీధిలో వందమంది ఇప్పటికే చెప్పి ఉంటారు, పనిచేయలేదు.

వచ్చేవి వరుసలో ఉండవు. మొదట బ్రేకు చప్పుడు వస్తుంది. తర్వాత విడతలో లారీవాడి మీద కోపం. మరో విడతలో ఉన్నట్టుండి తమ్ముడికి సైకిలు నేర్పిన వేసవికాలం. అతను ఏడుస్తాడు, చికిత్సకుడు ఆపడు. ఎనిమిదో విడత తర్వాతో తొమ్మిదో విడత తర్వాతో అతను తలెత్తి, "నేను బ్రేకు వేశానండీ. చెయ్యి విరిగింది అందుకే" అంటాడు. ఈ సంగతి అతనికి ముందే తెలుసు. ఆసుపత్రిలోనూ చెప్పాడు, పోలీసులకూ చెప్పాడు. కానీ 'తప్పంతా నాదే' అనే మాటా, ఈ సంగతీ ఇన్నాళ్ళూ ఒకదానినొకటి కలుసుకోలేదు. ఇ.ఎం.డి.ఆర్.లో జరగవలసింది ఈ కలయికే.

బాధ అంకె 0 దగ్గరకో, పరిస్థితిని బట్టి సబబనిపించే చోటికో దిగాక, 'నా చేతిలో ఉన్నది నేను చేశాను' అన్న నమ్మకాన్ని ఆ దృశ్యంతో కలిపి మరికొన్ని విడతలు చేస్తారు. తల నుంచి కాళ్ళదాకా ఒంట్లో ఎక్కడైనా బిగువు మిగిలిందా అని చూస్తారు. పూర్తికాకపోయినా సరే, మనిషి స్థిమితపడకుండా గది దాటనివ్వరు. మరుసటి సిట్టింగు 'ఈ వారం ఎలా గడిచింది?' అనే ప్రశ్నతో మొదలవుతుంది. ఒక్కో సిట్టింగు 60 నుంచి 90 నిమిషాలు. ఒకే ప్రమాదం వల్ల కలిగిన ఆఘాతానికి కొద్ది సిట్టింగులే సరిపోవచ్చు. చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి హింసకు గురైనవారికి చాలాకాలం పడుతుంది.

ఇది హిప్నాటిజం కాదు, మనిషి మెలకువలోనే ఉంటాడు. జ్ఞాపకాన్ని చెరిపివేయదు కూడా. తమ్ముడు పోయాడన్న దుఃఖం ఉంటుంది, ఉండాలి. ట్రిబ్యునల్లో నష్టపరిహారం కేసూ ఉంటుంది, బండి మీది ఫైనాన్సు వాయిదాలూ ఉంటాయి. వాటిని కళ్ళ కదలిక తీర్చదు. హైవే ఎక్కగలగడం, రాత్రి నిద్రపోవడం, తమ్ముడి పేరు వినబడ్డప్పుడు గదిలోనే కూర్చోగలగడం, చికిత్స నుంచి ఆశించవలసింది ఇంతవరకే.

కళ్ళ పాత్ర ఎంత?

విమర్శకుల ప్రశ్న సూటిగా ఉంది. భయపెట్టే జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట ఎదుర్కొంటే భయం తగ్గుతుందని ప్రవర్తనా చికిత్సకులకు ఎప్పటినుంచో తెలుసు. ఇ.ఎం.డి.ఆర్. చేసేదీ అదే అయితే వేళ్ళ వెంట కళ్ళు తిప్పడం దేనికి? 2001లో డేవిడ్‌సన్, పార్కర్ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి, కళ్ళ కదలిక వల్ల అదనపు ప్రయోజనం కనబడలేదన్నారు. 2013లో లీ, కైపర్స్ చేసిన విశ్లేషణలో అదనపు ప్రభావం ఉందని తేలింది. వివాదం పూర్తిగా ముగియలేదు.

కళ్ళ కదలిక పనిచేస్తే ఎందుకు పనిచేస్తుంది? ఎక్కువ ప్రయోగాలు సమర్థిస్తున్న వివరణ క్రియాశీల స్మృతికి సంబంధించింది. దీన్ని మీరే చేసి చూడవచ్చు.

చేసి చూడండి: ఈమధ్య ఏ పెళ్ళిలోనో తిన్న మంచి భోజనాన్ని గుర్తుచేసుకోండి. విస్తరి, రంగులు, వాసన కళ్ళముందు నిలపండి. ఆ దృశ్యాన్ని వదలకుండానే 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టండి: 93, 86, 79... అర నిమిషం తర్వాత దృశ్యం మునుపటంత స్పష్టంగా ఉందా? బాధాకరమైన జ్ఞాపకంతో మాత్రం ఈ అభ్యాసం చేయవద్దు.

చాలామందికి విస్తరి మసకబారుతుంది. మనసుకు ఒక సమయంలో పట్టేది కొంతే. దృశ్యాన్ని నిలుపుకోవడం, మరో పని చేయడం రెండూ ఆ కొద్ది చోటు కోసం పోటీపడతాయి. అలా మసకబారిన రూపంలోనే జ్ఞాపకం తిరిగి నిలవ అవుతుందని సిద్ధాంతం. ప్రయోగశాలలో లెక్కపెట్టడం వంటి పనులూ ఇలాంటి ఫలితమే ఇచ్చాయి. అంటే కళ్ళలో ప్రత్యేకమైన మహిమ లేకపోవచ్చు. మరోవైపు 2019లో కొరియా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, అటూ ఇటూ కదిలే కాంతిని చూపించినప్పుడు ఎలుకల్లో నేర్చుకున్న భయం తగ్గింది. మెదడులో చూపుకు సంబంధించిన భాగం నుంచి థాలమస్ ద్వారా భయానికి కేంద్రమైన అమిగ్డలా వరకు ఉన్న ఒక మార్గాన్ని కూడా వారు గుర్తించారు. ఎలుకకు 'తప్పంతా నాదే' అన్న ఆలోచన ఉండదు కనుక దీన్ని మనుషులకు యథాతథంగా వర్తింపజేయలేం.

ఎలా పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా అన్నది మరో ప్రశ్న. విద్యార్థులు ఈ రెండింటినీ తరచు కలిపేస్తారు. రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు స్థిరపడింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పి.టి.ఎస్.డి.కి సిఫారసు చేసిన చికిత్సల్లో ఇ.ఎం.డి.ఆర్. ఉంది. దానితోపాటు ఆఘాతంపై కేంద్రీకరించే సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స కూడా ఉంది. 2018 బ్రిటన్ మార్గదర్శకాలూ దీన్ని అంగీకరించాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో కాస్త జాగ్రత్తగా, షరతులతో సిఫారసు చేసింది. సంజ్ఞానాత్మక చికిత్సకన్నా ఇది గొప్పదని చెప్పలేం, తీసిపోతుందనీ చెప్పలేం. కాకపోతే జరిగినదంతా నోటితో వివరంగా చెప్పవలసిన పని లేకపోవడం, ఇంటి దగ్గర చేసుకు రావలసిన అభ్యాసాలు లేకపోవడం దీనిలోని సౌలభ్యాలు. నలుగురిలో చెప్పుకోలేని హింసకు గురైన స్త్రీలకు, మాటల పొదుపు ఎక్కువైన మన మగవాళ్ళకు ఈ సౌలభ్యం చిన్నదేమీ కాదని నా అభిప్రాయం.

విపత్తుల తర్వాత

మనిషికో చికిత్సకుడు దొరకని చోట ఏం చేయాలన్న ప్రశ్నకు మెక్సికో నుంచి ఒక జవాబు వచ్చింది. 1997లో పాలిన్ తుపాను అకపుల్కో నగరాన్ని దెబ్బతీశాక, అక్కడి చికిత్సకులు పిల్లలను గుంపుగా కూర్చోబెట్టి ఇ.ఎం.డి.ఆర్. చేసే పద్ధతిని రూపొందించారు. పిల్లలు బొమ్మ గీస్తారు, తర్వాత రెండు చేతులూ గుండె మీద అడ్డంగా పెట్టుకుని భుజాల దగ్గర మార్చి మార్చి తట్టుకుంటారు. దానికి 'సీతాకోకచిలుక కౌగిలి' అని పేరు. మన దేశంలో ఇ.ఎం.డి.ఆర్. శిక్షణ విస్తరించడానికి 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపం ఒక ముఖ్య సందర్భం. అప్పుడు విదేశాల నుంచి వచ్చిన శిక్షకులు మన మనోవైద్యులకూ మనోవిజ్ఞానులకూ ఈ పద్ధతి నేర్పారు.

మీలో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు, ఆర్టీసీ ఉద్యోగులు ఉండవచ్చు. ఇంటర్నెట్‌లో వేళ్ళు ఊపే వీడియోలు చూసి, తెలిసిన మనిషి మీద ప్రయత్నించాలనిపిస్తుంది. వద్దు. మూతి విప్పిన జ్ఞాపకాన్ని తిరిగి సర్దడం తెలియకపోతే, మనిషి ఆ రోడ్డు మీదే నిలబడిపోతాడు. ప్రమాదం జరిగిన మర్నాడే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం కూడా మేలు చేయదని అధ్యయనాలు చెబుతున్నాయి. తొలి రోజుల్లో చేయవలసింది వేరే ఉంది. సురక్షితమైన చోట కూర్చోబెట్టడం, నీళ్ళివ్వడం, అయినవాళ్ళకు ఫోన్ కలపడం, చెబితే వినడం, చెప్పకపోతే ఊరుకోవడం. దీన్ని మానసిక ప్రథమ చికిత్స అంటారు. దానికి డిగ్రీ అక్కర్లేదు.

నెల దాటినా తగ్గకపోతే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి పంపండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చావు ఆలోచనలున్న మనిషి విషయంలో నెల ఆగనక్కర్లేదు, ఆ రోజే ఫోన్ చేయండి. ఇ.ఎం.డి.ఆర్. చేస్తామనేవారు తటస్థపడితే రెండు ప్రశ్నలు అడగండి: మీరు మానసిక వైద్యులా, లేక భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా? ఈ పద్ధతిలో శిక్షణ ఎక్కడ పొందారు? ఈ ప్రశ్నలకు విసుక్కునేవారి దగ్గర ఆగవలసిన పని లేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

పాలవ్యాపారి ప్రమాదం జరిగిన పదో రోజున మీ దగ్గరకు వచ్చి ఉంటే అతణ్ణి పి.టి.ఎస్.డి. రోగి అనగలరా? ఎందుకు? చికిత్సకుడు అతనికి 'నీ తప్పేమీ లేదు' అని ఎందుకు చెప్పలేదో మీ మాటల్లో పది వాక్యాలకు మించకుండా రాయండి. కళ్ళ కదలిక అనవసరమని రేపు తేలితే, ఇప్పటికే కోలుకున్నవారి విషయంలో మీరేమంటారు?